ఓడ ఆకారపు హోటలు - ఆదివారపు ఇళ్ళు

పిల్లలూ! ఓడ ఎక్కడ ఉంటుందని అడిగితే, "సముద్రంలో" అని మీరు వెంటనే జవాబు చెబుతారు. "పెద్ద నదుల్లో కూడా ఉంటుంది" అని మీలో తెలివైనవాళ్ళు అందుకుంటారు. కాని సముద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరాన, కొండల నడుమ, ఒక చిన్న ఊరి పెద్దవీధిలో ఓడ నిలబడి ఉన్నదంటే నమ్ముతారా?

నమ్మవచ్చు. ఆ ఊరి పేరు ఫ్రెడరిక్స్‌బర్గు. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రంలో ఉన్నది. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడ సుమారు 11 వేలమంది నివసిస్తున్నారు. మన లెక్కలో అది ఒక పెద్ద పల్లెటూరు, అంతే. ఆ వీధిలో కనిపించేది నిజమైన ఓడ కాదు. ఓడ ముందుభాగంలా కోసుగా కట్టిన ముఖం, పైన మేడలు, ఆ పైన ఓడ నడిపేవాడి గది వంటి చిన్న గది ఉన్న పాత హోటలు అది. దాన్ని ఎవరు కట్టారు? అలా ఎందుకు కట్టారు? ఈ సంగతులు తెలుసుకోవాలంటే ముందు ఆ ఊరు పుట్టిన కథ తెలుసుకోవాలి.

నీడ లేని ప్రయాణం

టెక్సాసులో భూములు ఇప్పిస్తామని 1840ల్లో జర్మనీలో ఒక సంఘం వారు ప్రకటించారు. ఆ మాట నమ్మి వేలాదిమంది ఇల్లూ వాకిలీ అమ్ముకుని, పిల్లలతో సహా ఓడలెక్కారు. వారు టెక్సాసు తీరంలో దిగేసరికి 1845వ సంవత్సరపు చలికాలం వచ్చింది. తీరంలో వారికోసం ఇళ్ళు లేవు. లోపలికి తీసుకుపోవడానికి చాలినన్ని బండ్లు లేవు. జనం గుడారాల్లోనూ, ఇసుకలో తవ్వుకున్న గుంటల్లోనూ తలదాచుకున్నారు. వానలు కురిశాయి, జ్వరాలు వచ్చాయి. ఆ తరువాత మెక్సికోతో యుద్ధం రావడంతో ఉన్న బండ్లు కూడా సైన్యానికి వెళ్ళిపోయాయి. వందలమంది దారిలోనే ప్రాణాలు విడిచారు. ప్రయాణంలో ఉన్నవాడికి ఒక రాత్రి తల దాచుకునే చోటు దొరకకపోవడమంటే ఏమిటో ఆ జనానికి బాగా తెలిసివచ్చింది.

వారిలో సుమారు 120 మంది 1846 ఏప్రిల్ నెలలో న్యూ బ్రాన్‌ఫెల్సు అనే ఊరినుంచి 20 బండ్లతో బయలుదేరి, 16 రోజులు నడిచి, మే 8వ తేదీన ఈ కొండల మధ్యకు చేరుకున్నారు. అలా పుట్టింది ఫ్రెడరిక్స్‌బర్గు. ప్రష్యా రాకుమారుడు ఫ్రెడరిక్కు పేరు దానికి పెట్టారు. ప్రతి కుటుంబానికీ ఊళ్ళో ఒక ఇంటి స్థలం, ఊరి వెలుపల 10 ఎకరాల పొలం ఇచ్చారు. ఇంటి స్థలం ఒకచోట, పొలం మరొకచోట! ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. ముందు ముందు దీనితో పని ఉన్నది.

ఆ నేల అంతకుముందు ఎవరిదీ కాదనుకోకండి. అది కమాంచీలనే స్థానిక జాతివారు గుర్రాలమీద తిరుగుతూ వేటాడుకునే ప్రదేశం. జర్మనుల నాయకుడు మాయిసెబాక్ 1847లో కొద్దిమందిని వెంటబెట్టుకుని కమాంచీల బిడారులకే వెళ్ళి, వారి పెద్దలతో కూర్చుని మాట్లాడాడు. ఆ ఏడు మే 9వ తేదీన కమాంచీ నాయకులు ఫ్రెడరిక్స్‌బర్గుకు వచ్చి ఒడంబడికమీద గుర్తులు పెట్టారు. మీరు మా ఊళ్ళకు రావచ్చు, మేము మీ ప్రదేశాలకు రావచ్చు, ఒకరి జోలికి ఒకరు పోరాదు - ఇదీ దాని సారాంశం. అంటే ఒకరికొకరు అతిథులన్నమాట! ఆ ఊరివారు నేటికీ ఈ ఒడంబడికను గర్వంగా చెప్పుకుంటారు. అయితే దాని చుట్టూ ఉన్న విశాలమైన దేశంలో జరిగిన కథ వేరు. 1875 నాటికి కమాంచీలు తమ భూములన్నీ పోగొట్టుకుని, ప్రభుత్వం చూపించిన కొద్దిపాటి చోటికి తరలిపోవలసివచ్చింది. వచ్చినవారికి నిలువ నీడ దొరికింది. ఉన్నవారికి లేకుండా పోయింది. చరిత్ర చదివేటప్పుడు రెండు పక్కలా చూడాలి సుమా!

ఓడవాడు పెట్టిన హోటలు

మొదటి ఏడాది ఫ్రెడరిక్స్‌బర్గుకు వచ్చినవారిలో చార్లెస్ నిమిట్జు అనే యువకుడు ఉన్నాడు. అతనిది జర్మనీలోని బ్రెమెను రేవుపట్టణం. చిన్నతనంలోనే సరకుల ఓడలమీద పనిచేసి సముద్రాలు చూసినవాడు. అటువంటివాడు నీటిచుక్క కోసం మబ్బుల వంక చూడవలసిన ఈ మెట్ట ప్రాంతంలో స్థిరపడ్డాడు. 1848లో పెళ్ళి చేసుకున్నాడు. ఆ దంపతులకు 12 మంది పిల్లలు. 1850ల మొదట్లో పెద్దవీధిలో కొద్ది గదులున్న ఒక చిన్న హోటలు పెట్టాడు.

ఆ కాలంలో హోటలంటే ఏమిటో చెప్పాలి. మన దేశంలో బాటసారులకు సత్రాలు ఉండేవి. పూటకూళ్ళ ఇళ్ళూ ఉండేవి. సత్రం ధర్మానికి పెట్టినది. పూటకూళ్ళ ఇంట్లో డబ్బిచ్చి భోంచేయాలి. నిమిట్జు హోటలు రెండవ రకానిదే. డబ్బిస్తే భోజనం, పడక, గుర్రాలకు మేత దొరికేవి. అయితే అది ఉన్నచోటు వల్ల దాని విలువ పెరిగింది. ఈ ఊరు శాన్ ఆంటోనియో నగరానికి సుమారు 110 కిలోమీటర్ల దూరంలో, పడమటి దేశానికి పోయే బాటమీద ఉన్నది. సైనికులు, వర్తకులు, భూమి కొలిచేవారు, తపాలా మోసే గుర్రపు బండ్లు - అన్నీ ఆ బాటనే పోవాలి. ఊరు దాటి పడమటికి పోతే వారాల తరబడి ఎడారి నేల, అక్కడక్కడ సైనికుల కోటలు తప్ప మంచి బస దొరికేది కాదు. అందుచేత పడమటికి వెళ్ళేవారికి అది చివరి సుఖం, అటునుంచి వచ్చేవారికి మొదటి సుఖం.

హోటలు పెరిగింది. గుర్రపుసాలలు, మాంసం ఎండబెట్టి పొగపట్టే కొట్టు, కూరగాయల తోట, స్నానాల గది ఏర్పడ్డాయి. స్నానాల గది మాట విని నవ్వకండి. రోజుల తరబడి దుమ్ములో గుర్రంమీద వచ్చినవాడికి తొట్టెడు వేడినీళ్ళు దొరకడం ఎంత భాగ్యమో ఊహించండి! నాట్యాలకూ నాటకాలకూ ఒక పెద్ద హాలు కట్టారు. ఊళ్ళో ఏ వేడుక జరిగినా అక్కడే. నిమిట్జు మంచి మాటకారి. నిజమూ కల్పనా కలిపి కథలు చెప్పి అతిథులను నవ్వించేవాడు.

ఇంతా చేసి ఆయన మనసులోనుంచి సముద్రం పోలేదు. 1880ల చివర్లో హోటలు ముందుభాగాన్ని ఆవిరిఓడలా కట్టించాడు. కోసు ముఖం వీధిలోకి పొడుచుకు వచ్చింది. పైన డెక్కులు, వాటిమీద ఓడ నడిపేవాడి గది. దాన్ని ఎక్కి చూస్తే అలలు కనిపించవు. చుట్టూ కొండలు కనిపిస్తాయి. చూసినవారు దాన్ని మరచిపోయేవారు కారు. హోటలుకు అంతకు మించిన ప్రకటన ఏముంటుంది?

ఆదివారపు ఇళ్ళు

డబ్బున్న బాటసారికి హోటలు ఉన్నది. మరి చుట్టుపక్కల రైతులు ఊళ్ళోకి వస్తే ఎక్కడ పడుకునేవారు? వారు కనిపెట్టిన ఉపాయం చాలా బాగుంటుంది.

ఇంటి స్థలం ఊళ్ళో, పొలం వెలుపల అని చెప్పాను కదా! పొలాలు పెరిగినకొద్దీ రైతులు పొలంమీదనే ఇళ్ళు కట్టుకుని ఉండసాగారు. ఊళ్ళో పని మాత్రం తప్పదు. సరకులు అమ్మాలి, కొనాలి. ఆదివారం ఉదయం చర్చికి వెళ్ళాలి. ఇప్పుడొక చిన్న లెక్క చేయండి. పొలంనుంచి ఊరు 25 కిలోమీటర్లు. బరువుబండి గంటకు 5 కిలోమీటర్లు పోతుంది. ఊరు చేరడానికి 5 గంటలు, తిరిగి రావడానికి 5 గంటలు. ఉదయం 10 గంటలకు చర్చిలో ఉండాలంటే తెల్లవారుజామున 5 గంటలకు చీకట్లో పిల్లలను లేపి బండెక్కించాలి. తీరా వస్తే ఆదివారం అంగళ్ళు మూసి ఉంటాయి. సరకులకోసం మరొక రోజు మళ్ళీ 10 గంటలు బండిలో కూర్చోవాలి!

అందుచేత వారు ఊళ్ళో తమ స్థలంలోనో, చర్చి దగ్గర మరొక స్థలం కొనో, చిన్న ఇల్లు ఒకటి కట్టుకున్నారు. శనివారం బండి కట్టుకుని వచ్చి వెన్న, గుడ్లు, ధాన్యం అమ్మి, కావలసినవి కొనుక్కునేవారు. రాత్రి ఆ ఇంట్లో పడుకుని, ఆదివారం చర్చికి వెళ్ళి, బంధువులను చూసి, పొలానికి మరలిపోయేవారు. వారానికి ఒక్క రాత్రికోసం కట్టిన ఇల్లు కనుక దానికి "ఆదివారపు ఇల్లు" అని పేరు వచ్చింది. 1890 మొదలు 1920 దాకా ఇటువంటివి చాలా లేచాయి. ఆగస్టు వెబరు అనే రైతు 1904లో కట్టుకున్న ఇల్లు ఆ ఊరి మ్యూజియంలో భద్రంగా ఉన్నది. ఆయన పొలం ఊరికి 11 కిలోమీటర్లే. అయినా రెండో ఇల్లు కావలసివచ్చింది. బండి ప్రయాణమంటే అదీ!

ఆదివారపు ఇల్లు చూడముచ్చటగా ఉంటుంది. ముందు ఒక వసారా. లోపల ఒక్కటే గది. వెనుక వాలుకప్పు కింద వంటచోటు. చలి కాచుకోవడానికి ఒక పొయ్యి. పైన అటక. పిల్లల పడకలు అటకమీదే! చాలా ఇళ్ళలో అటకకు పోయే మెట్లు లోపల లేవు, గోడ బయట ఉన్నాయి. లోపల మెట్లు పెడితే ఉన్న ఒక్క గదిలో చోటు తగ్గిపోతుంది కదా! పిల్లలు బయటి మెట్లెక్కి, అటక తలుపు తీసుకుని లోపలికి దూరి పడుకునేవారు. మీకైతే అటువంటి పడక ఇష్టమా, కాదా?

కొన్ని ఇళ్ళు చెక్కవి, కొన్ని రాతివి. ఆ కొండల నిండా సున్నపురాయి ఉన్నది. దాన్ని తొలిచి గోడలకు వాడారు. దాన్నే బట్టీలో కాల్చి సున్నం చేసి గోడ కట్టడానికి వాడారు. టెక్సాసు ఎండలు మన ఎండలకు తీసిపోవు. మందమైన రాతిగోడ పగటి వేడిని మెల్లగా పీల్చుకుంటుంది. ఆ వేడి లోపలివైపుకు రావడానికి గంటలు పడుతుంది. అందుకే మధ్యాహ్నం లోపల చల్లగా ఉంటుంది. మన పాత మండువా ఇళ్ళ మందపాటి గోడలు చేసే పని కూడా ఇదే.

ఆదివారపు ఇల్లు ఆదివారానికే పరిమితం కాలేదు. జబ్బుచేసినవాళ్ళను వైద్యుడికి దగ్గరగా ఉంచడానికి, కానుపు దినాలు దగ్గరపడినవాళ్ళను ఉంచడానికి అది పనికివచ్చింది. చదువుకోసం, చర్చి పాఠాలకోసం పిల్లలు అక్కడ ఉండేవారు. పొలం కొడుకులకు అప్పగించి, ముసలి దంపతులు ఆ ఇంటికే వచ్చి శేషజీవితం గడిపేవారు. ఒక్క గది ఎన్నిటికి పనికివచ్చిందో చూడండి!

తరువాత మోటారుకార్లు వచ్చాయి, మంచి రోడ్లు పడ్డాయి. ఇందాకటి లెక్కను కారుకు చేసి చూడండి. 25 కిలోమీటర్లు అరగంట ప్రయాణం. చర్చికి వచ్చి భోజనం వేళకు ఇల్లు చేరవచ్చు. బండి నెమ్మది వల్ల పుట్టిన ఆదివారపు ఇల్లు, కారు వేగం వల్ల అవసరం లేకుండా పోయింది. కొన్నిటిని కూల్చేశారు. మిగిలిన వాటిలో చాలావాటిని బాగుచేసి, ఊరు చూడవచ్చేవారికి బసగా అద్దెకు ఇస్తున్నారు. ఒకప్పుడు రైతుపిల్లలు నిద్రపోయిన చోట ఇప్పుడు ఎక్కడెక్కడివారో పడుకుంటున్నారు.

హోటలు కుర్రవాడు

మళ్ళీ ఓడ హోటలు దగ్గరకు వద్దాం. చార్లెస్ నిమిట్జు కొడుకుల్లో ఒకడు పెళ్ళయిన కొద్ది నెలలకే చనిపోయాడు. అప్పటికి అతని భార్య ఆనా గర్భిణి. 1885 ఫిబ్రవరి 24వ తేదీన ఆమెకు కొడుకు పుట్టాడు. పేరు చెస్టరు. తండ్రి ముఖం చూడని ఆ పిల్లవాడికి తాతగారే తండ్రి అయ్యారు. హోటలు వాకిట్లో ఆయన చెప్పే సముద్రం కథలు వింటూ పెరిగాడు. నేర్వగలిగినంత నేర్చుకో, చేతనైనంత బాగా చెయ్యి, నీ చేతిలో లేనిదానికి దిగులు పడకు - తాతగారు అతనికి నూరిపోసింది ఇదే.

1890లో ఆనా తన మరిదిని పెళ్ళాడింది. అంటే చెస్టరుకు చిన్నాన్న. వారు దగ్గరలోని కెర్‌విల్లు అనే ఊళ్ళో ఒక హోటలు నడిపేవారు. పిల్లవాడు బడినుంచి వచ్చి కట్టెలు కొట్టేవాడు, పొయ్యిలు చూసేవాడు, రాత్రిపూట వచ్చేపోయేవారికి గదులిచ్చే బల్లదగ్గర కూర్చుని అక్కడే పాఠాలు చదువుకునేవాడు.

1900లో ఇద్దరు యువ సైనికాధికారులు ఆ హోటలులో దిగారు. అతనికంటే కొద్ది ఏళ్ళే పెద్దవాళ్ళు. వారి నడతా, చదువూ చూసి అతనికి తానూ అలాగే కావాలనిపించింది. పైచదువు చెప్పించే స్తోమత ఇంట్లో లేదు. సైనిక కళాశాలలో అయితే ఖర్చు ఉండదు. అక్కడ ఖాళీలు లేవు. కాని నౌకాదళ కళాశాలకు పరీక్ష రాయవచ్చని తెలిసింది. తెల్లవారుజామున లేచి చదివి, పరీక్ష గెలిచి, 1901లో చేరాడు. 1905లో 114 మందిలో 7వ వాడుగా బయటికి వచ్చాడు. ఆ ఇద్దరు అతిథులూ వేరే హోటలులో దిగి ఉంటే ఏమయ్యేదో!

రెండవ ప్రపంచయుద్ధంలో పసిఫిక్ మహాసముద్రంలోని అమెరికా నౌకాదళానికి ఈ చెస్టరు నిమిట్జే అధిపతి అయ్యాడు. 1945 సెప్టెంబరు 2వ తేదీన జపాను లొంగుబాటు పత్రంమీద అమెరికా తరఫున సంతకం చేసినవాడూ ఆయనే. తాతగారి ఓడ హోటలు కదలలేదు కాని, మనుమడు మాత్రం సముద్రాలన్నీ చుట్టాడు.

శత్రువు ఇంటి తోట

అసలు కథ ఇప్పుడు వస్తుంది. 1905లో చెస్టరు పనిచేస్తున్న ఓడ జపాను వెళ్ళింది. అక్కడ ఒక తోటవిందులో, రష్యాను ఓడించిన మహా నౌకాసేనాని టోగో వెళ్ళిపోతూ కనిపించాడు. కుర్ర నావికులంతా తటపటాయిస్తుంటే, 20 ఏళ్ళ చెస్టరు లేచి వెళ్ళి, తమ బల్లదగ్గరకు రమ్మని ఆయనను ఆహ్వానించాడు. టోగో వచ్చి వారితో కూర్చుని మాట్లాడాడు. ఎంతవారైనా వాకిట్లోకి వచ్చినవారిని పలకరించి కూర్చోబెట్టడం హోటలులో పెరిగిన కుర్రవాడికి అలవాటే కదా! 1934లో టోగో చనిపోయినప్పుడు ఆయన అంత్యక్రియలకు కూడా చెస్టరు వెళ్ళాడు.

తరువాత ఆ రెండు దేశాల మధ్య ఘోరమైన యుద్ధం జరిగింది. లెక్కకు మించిన ప్రాణాలు పోయాయి. యుద్ధం ముగిశాక, టోగో నడిపిన "మికాసా" అనే ఓడ పాడుబడి ఉండటం చెస్టరు నిమిట్జు చూశాడు. గెలిచినవాడు కనుక ఊరుకోవచ్చు. ఆయన ఊరుకోలేదు. దానికి కాపలా పెట్టించాడు. తరువాత దాన్ని బాగుచేయడానికి డబ్బు ఇచ్చాడు. 1961లో ఆ ఓడను బాగుచేసి జనానికి చూపించారు.

ఇటు ఫ్రెడరిక్స్‌బర్గులో పెద్ద నిమిట్జు 1911లో కాలం చేశాడు. 1926లో కుటుంబంవారు హోటలు అమ్మివేశారు. కొత్తవారు ఓడ ముఖాన్ని తీసివేసి, మామూలు హోటలులా మార్చారు. 1960ల్లో ఊరివారు దాన్ని చెస్టరు నిమిట్జు పేర మ్యూజియం చేయదలచినప్పుడు, తన ఒక్కడి పేర కాదు, తనతో పనిచేసినవారందరి జ్ఞాపకంగా చేయమని ఆయన కోరాడు. 1966లో ఆయన మరణించాడు. తరువాత హోటలుకు మళ్ళీ ఓడ ముఖం కట్టారు. ఈనాడది పసిఫిక్ యుద్ధపు జాతీయ మ్యూజియంలో భాగం.

మ్యూజియం వెనుక ఒక తోట ఉన్నది. రాళ్ళు, నీరు, చెట్లు నెమ్మదిగా అమర్చిన జపాను తోట. జపాను ప్రజలు చందాలు వేసుకుని దాన్ని కానుకగా ఇచ్చారు. జపాను పనివారే వచ్చి కట్టారు. టోగో తన ఇంట్లో కూర్చుని చదువుకునే చిన్న గదికి నకలు కూడా అందులో ఉన్నది. ఊరు పుట్టి 130 ఏళ్ళు నిండిన రోజున, అంటే 1976 మే 8వ తేదీన ఆ తోటను తెరిచారు. దాని పేరు శాంతివనం. తమను ఓడించిన సేనాని తాతగారి హోటలు పెరట్లో, ఓడినవారు నాటిన తోట అది!

వీధుల చిక్కుముడి

ఈనాడు టెక్సాసులో వేలాది తెలుగు కుటుంబాలున్నాయి. మీ మామయ్యో, పిన్నో ఆస్టిన్ నగరంలో ఉంటే, ఫ్రెడరిక్స్‌బర్గు అక్కడికి సుమారు 125 కిలోమీటర్లే. ఎవరైనా వెళితే వారికి ఈ చిక్కుముడి ఇవ్వండి.

ఊరి నడుమనుంచి పెద్దవీధి వెంట తూర్పుకు నడిస్తే వరసగా వచ్చే అడ్డవీధులు ఇవి: ఆడమ్స్, లానో, లింకన్, వాషింగ్టన్, ఎల్క్, లీ, కొలంబస్, ఆలివ్, మెస్కీట్, ఈగల్. పడమటికి నడిస్తే: క్రాకెట్, ఆరెంజి, మైలం, ఎడిసన్, బౌయీ, ఏకార్న్, చెర్రీ, కే. ఈ పేర్లను ఇంగ్లీషులో రాసి మొదటి అక్షరాలు మాత్రం తీసుకుని చదవండి.

తూర్పు వీధులు "ఆల్ వెల్కమ్" అంటాయి. అంటే అందరికీ స్వాగతం. పడమటి వీధులు "కమ్ బ్యాక్" అంటాయి. అంటే మళ్ళీ రండి! నిలువ నీడ లేక ఇసుకగుంటల్లో పడుకున్నవారి మనుమలు, మునిమనుమల ఊరు అది. వచ్చినవారిని ఏమని పిలవాలో వారు వీధుల పేర్లలోనే రాసిపెట్టుకున్నారు.